పూటకూళ్ల దొర కట్టిన విమానము

విమానమనగానే మన ఇండ్లలోని వృద్ధులకు పుష్పకము జ్ఞప్తికి వచ్చును. పిల్లలకు బెంగుళూరు విమానాశ్రయము జ్ఞప్తికి వచ్చును. పురాణమునకును విమానాశ్రయమునకును నడుమ ఒక చిన్న చరిత్ర కలదు. అది మన తాతలనాటి రాజధానియగు చెన్నపట్టణమున జరిగినది. దానికి కర్త ఇంజనీరు కాడు, సైనికోద్యోగి కాడు, జమీందారు కాడు. మౌంటు రోడ్డులో హోటలు నడుపుకొనుచుండిన ఒక పరదేశి. అతడు తన బుద్ధితో ఒక చిన్న విమానమును రూపొందించి, ఊరిలోని బండ్ల కార్ఖానాలో దానిని కట్టించి, 1910వ సంవత్సరము మార్చి నెలలో గాలిలోనికి లేపెను. ఆతని పేరు జాకొమో డాంజెలిస్.

ఈ కథ బళ్ళారి తెలుగువారి సంచికలో ఏల అని కొందరు ప్రశ్నింపవచ్చును. 1800వ సంవత్సరమున నిజాము నుండి కుంపిణీవారికి సంక్రమించిన దత్తమండలములలో బళ్ళారి ముఖ్యమైనది. నాటి నుండి 1953 సెప్టెంబరు నెలాఖరు వరకు, అనగా నూట యేబది సంవత్సరములకు పైగా, మన జిల్లాకు రాజధాని చెన్నపట్టణమే. మన పూర్వులు హైకోర్టు వ్యాజ్యములకు, కళాశాల చదువులకు, పుస్తకముల అచ్చునకు గుంతకల్లు మీదుగ రైలెక్కి అచ్చటికే పోవుచుండిరి. కావున చెన్నపట్టణపు చరిత్రలో ఆ నూటయేబది యేండ్ల భాగము మనకును వారసత్వమే. ఇది మొదటి కారణము. రెండవ కారణము వ్యాసము ముగియునప్పటికి పాఠకులకే తెలియగలదు.

మొదట ఆ కాలమెట్టిదో తెలిసికొనుట అవసరము. విమానవిద్య విశ్వవిద్యాలయములలో పుట్టలేదు; వేరొక వృత్తిలో నుండి, తీరిక వేళలందు దీనిపై మనసు పెట్టినవారి చేతులలో పుట్టినది. అమెరికా దేశమున సైకిళ్ల దుకాణము నడుపుకొనుచుండిన రైటు సోదరులు 1903 డిసెంబరు 17వ తేదీన తమ యంత్రమును నేల విడిపించిరి. మొదటి పర్యాయము అది గాలిలో నిలిచినది 12 సెకనులు. సాగిన దూరము 120 అడుగులు. అదే దినమున నాలుగవ పర్యాయము 59 సెకనులు నిలిచి 852 అడుగులు సాగినది. ఫ్రాన్సు దేశమున లూయీ బ్లేరియో అను నాతడు మోటారుకార్లకు దీపములు చేసి అమ్ముకొనుచు, వచ్చిన లాభమునంతయు విమానములపై వెచ్చించెను. అతడు 1909 జూలై 25వ తేదీన 25 అశ్వశక్తుల ఇంజను గల చిన్న విమానములో ఇంగ్లీషు ఛానలును సుమారు 36 నిమిషములలో దాటెను. బ్రెజిలు దేశపు కాఫీ తోటల యజమాని కుమారుడు సాంతోస్ దుమోన్ పారిస్ నగరమున నివసించుచు, రెక్కల కొనల నడుమ పట్టున ఇరువది అడుగులైనను లేని బుల్లి విమానమొకటి నిర్మించి, దానికి 'దమ్వాజెల్' అని పేరిడెను. ఆ పదమునకు కన్యక యని అర్థము. ఫ్రెంచి భాషలో తూనీగను కూడ ఆ పేరుతోనే పిలుతురు. ఆతడు దానికి పేటెంటు తీసికొనలేదు. ఎవరైనను కట్టుకొనవచ్చునని కొలతలతో కూడిన పటములను పత్రికలలో ప్రకటింపనిచ్చెను. ఇంటివద్ద స్వయముగా విమానము కట్టుకొను సంప్రదాయమునకు అదియే తొలి అడుగని చెప్పవచ్చును.

బ్లేరియో ఛానలు దాటిన వార్త చెన్నపట్టణమునకు చేరినప్పుడు చాలమంది చదివి ఆశ్చర్యపడి పత్రికను మడిచి పెట్టియుందురు. డాంజెలిస్ మాత్రము అట్లు చేయలేదు. ఈయన మధ్యధరా సముద్రములోని దీవులవాడు; కార్సికా దీవివాడని చరిత్రకారులు తరచుగ వ్రాయుదురు. బ్రతుకుతెరువు వెదకుకొనుచు చెన్నపట్టణము చేరి, విందుభోజనములు సమకూర్చు వృత్తిలో పేరు గడించి, మౌంటు రోడ్డుపై తన పేరిటనే ఒక పెద్ద హోటలు స్థాపించెను. ఆ రోడ్డునే నేడు అన్నా శాలై అందురు. మన భాషలో చెప్పవలెనన్న ఆయన పూటకూళ్లవాడు. పూటకూళ్లవారిని తేలికగ చూచుట మనలో వాడుకయే. గురజాడవారి నాటకములోని పూటకూళ్లమ్మను తలచుకొని నవ్వుకొందుము. కాని పదిమందికి వేళకు అన్నము పెట్టువానికి మూడు గుణములు అవసరము: లెక్క, తూకము, సమయజ్ఞానము. విమానమునకు కావలసినవియు ఆ మూడే. బరువెంత, బలమెంత, ఏ వేళ బయలుదేరవలెను అన్నది తెలియనివాడు నేలను విడువలేడు.

ఇక విమానమును కట్టినదెవరు? మౌంటు రోడ్డులోనే సింప్సన్ కంపెనీ యుండెను. 1840వ సంవత్సరమున స్థాపింపబడిన ఈ సంస్థ జీనులు, గుఱ్ఱపు బండ్లు, రాజాధిరాజులకు కోచి బండ్లు చేయుటలో ప్రసిద్ధి వడసినది. నేటికిని ఆ రోడ్డుననే కలదు. బండ్ల కంపెనీకిని విమానమునకును సంబంధమేమని అనుకొనరాదు. ఆనాటి విమానములు ఇనుముతోను అల్యూమినియముతోను చేసినవి కావు. తేలికైన కఱ్ఱచట్రము, దానిపై బిగించి రోగను పూసిన గుడ్డ, చట్రము వంగకుండ లాగి కట్టిన ఉక్కు తీగెలు, క్రింద సైకిలు చక్రముల వంటి చక్రములు: ఇవియే విమానమునకు అంగములు. బాగుగ ఆరిన కఱ్ఱను ఏరుకొనుట, ఆవిరి పట్టి వంచుట, మేకు లేకుండ కూర్చుట, కాన్వాసును ముడుత లేకుండ బిగించుట, బరువు తగ్గించుచు బలము నిలుపుట, ఇవన్నియు మంచి బండి వడ్రంగికి వెన్నతో పెట్టిన విద్యలు. కోచి బండి గతుకుల బాటపై విరుగక నిలువవలెను. విమానము గాలిపై విరుగక నిలువవలెను. గుఱ్ఱమునకు భారము కాకుండ బండి చేయగలవాడే ఇంజనుకు భారము కాకుండ రెక్క చేయగలడు.

ఈ కంపెనీకి మన తెలుగుసీమతో ఒక అనుబంధము కూడ కలదు. ఇరువదవ శతాబ్దము మొదటి యేండ్లలో ఇందలి శామ్యూల్ జాన్ గ్రీన్ అను నాతడు ఆవిరితో నడచు కారును, పిదప ఆవిరి బస్సును తయారుచేసెననియు, ఆ బస్సు బెజవాడకును బందరుకును నడుమ తిరిగెననియు ఆ కంపెనీ చరిత్రలో చెప్పుదురు. కావున డాంజెలిస్ తన పటములను తీసికొని ఆ కార్ఖానా గుమ్మము నెక్కినప్పుడు, అచ్చటివారికి క్రొత్త పనులు క్రొత్త కాదు. రూపకల్పన హోటలు యజమానిది. హస్తకౌశలము బండ్ల కార్ఖానా పనివారిది. చరిత్ర గ్రంథములు మొదటివాని పేరును చెప్పును. రెండవవారు పేరులు లేనివారు. ఉలి పట్టినవారు, సూది పట్టినవారు, రోగను కుంచె పట్టినవారు మద్రాసు నగరపు సామాన్య శ్రామికులు. ఆనాటి చెన్నపట్టణమున తమిళులతో పాటు తెలుగువారును కష్టజీవులై విస్తారముగ నుండిరన్నది ఎల్లరెరిగినదే.

విమానమునకు చిన్న అశ్వశక్తి గల ఇంజనును అమర్చిరి. ఇది సామాన్యమైన సాహసము కాదు. మన దేశపు వేడిమి విమానమునకు శత్రువు. గాలి వేడెక్కిన కొలది పలుచనగును. పలుచని గాలి రెక్కను తక్కువగ మోయును. ఇంజనుకు అందు ప్రాణవాయువు తగ్గి దాని బలమును తగ్గును. యూరపు ఖండపు చల్లని ఉదయమున సునాయాసముగ లేచు యంత్రము చెన్నపట్టణపు మార్చి ఎండలో నేలను విడువక మొరాయించుట సహజము. నేటి పెద్ద విమానములకు సైతము వేసవి మధ్యాహ్నములందు ఎక్కువ దూరము పరుగెత్తినగాని లేవలేని స్థితి కలుగుచున్నది. అట్టిచోట, గురువు లేక, పాఠశాల లేక, మరమ్మతు తెలిసినవాడు వేయి మైళ్ల దూరమున నైన లేక, ఒక హోటలు యజమాని చిన్న ఇంజనుతో గాలిలోనికి లేచెను.

ప్రయోగము జరిగిన స్థలము పల్లావరము. ఇది నగరమునకు దక్షిణమున కొండల ప్రక్క నున్న ఊరు. పూర్వము దండు విడిసిన స్థలము. అచ్చట పరీక్షించి చూచుకొనిన పిమ్మట ఆయన తన విమానమును కోటకు సమీపమునగల ఐలెండు మైదానమున పౌరులకు ప్రదర్శించెను. 1910 మార్చి నెల అది. నేడు చెన్నై విమానాశ్రయము పల్లావరమునకు ఆనుకొనియే యున్నది. దినమునకు వందలకొలది విమానములు లేచు ఆ ప్రాంతముననే ఆ తొలి యంత్రము లేచెనన్న సంగతి ప్రయాణికులలో నూటికి ఒక్కరికైనను తెలియదనుట అతిశయోక్తి కాదు.

పల్లావరమునకు ఇంకొక కీర్తి కలదు. 1863వ సంవత్సరమున రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాఖ ఉద్యోగి అచ్చటనే ఒక రాతి పనిముట్టును కనుగొని, మన దేశమున పాత రాతియుగపు మానవుడుండెనని మొట్టమొదట నిరూపించెను. ఆయన ఉద్యోగము రాళ్ల పొరలను పరిశీలించుట. పూర్వమానవుని అన్వేషణ ఆయన సొంత వ్యసనము. ఆ మహనీయుడే తరువాత మన బళ్ళారి చెంతనున్న కప్పగల్లు, సంగనకల్లు కొండలయందు తిరిగి, క్రొత్త రాతియుగమువారు గొడ్డళ్లు తయారుచేసిన చోటును లోకమునకు చాటెను. తొలి రాతి పనిముట్టును వెలికితీసినవాడును, తొలి విమానమును లేపినవాడును ఆ ఒక్క పల్లావరముననే పని చేసిరి. ఇద్దరును జీతము కొరకు గాక ప్రీతి కొరకు ఆ పనికి పూనుకొనినవారు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. భారతదేశమున మొదట విమానము ఎగిరినది ఎప్పుడు, ఎచ్చట అని విద్యార్థులను అడిగినచో అలహాబాదు పేరు చెప్పుదురు. 1910 డిసెంబరులో అలహాబాదు ప్రదర్శన సందర్భమున విదేశముల నుండి తెచ్చిన విమానములు అచ్చట ఎగిరినవి. 1911 ఫిబ్రవరి 18వ తేదీన ఆన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరములతో యమునానదిని దాటి నైనీ చేరెను. లోకమున ప్రభుత్వ తపాలాశాఖ అనుమతితో నడచిన తొలి విమాన తపాలా అదియే. ఆ ఉత్తరములపై ప్రత్యేకమైన ముద్ర వేసిరి. ఆ సంఘటన యేబది యేండ్ల పండుగకు 1961లో తపాలా బిళ్లలు వెలువడినవి. అలహాబాదు కీర్తి న్యాయమైనదే. కాని డాంజెలిస్ అంతకు తొమ్మిది నెలలు ముందుగ, విదేశము నుండి దిగుమతి చేసికొనిన విమానముతో గాక, ఇచ్చటనే కట్టిన విమానముతో లేచెను. అయినను ఆతని పేరు పాఠ్యపుస్తకములకు ఎక్కలేదు.

దీనికి కారణమేమి? మేము జీవితమున అధికభాగము దస్తరముల నడుమ గడిపినవారము గనుక మాకు ఒక కారణము స్పష్టముగ తోచుచున్నది. అలహాబాదు విమానము తపాలాశాఖ చేతిలో పడినది. తపాలాశాఖకు ముద్ర కలదు, తేదీ కలదు, లెక్క కలదు. ఆరువేల అయిదువందల కవరులు ఆరువేల అయిదువందల సాక్షులై దేశదేశములకు పోయి, పెట్టెలలోను ఆల్బములలోను భద్రముగ నిలిచినవి. పల్లావరపు విమానమునకు ముద్ర వేయువారు లేరు. విమానములను గూర్చి మన దేశమున తొలి శాసనము, ఇండియన్ ఎయిర్‌షిప్స్ ఆక్టు, 1911వ సంవత్సరమున గాని పుట్టలేదు. డాంజెలిస్ లేచిననాటికి లైసెన్సు అడుగువాడు లేడు, విమానములకు రిజిస్టరు లేదు, నంబరు లేదు. అతడు చట్టమునకంటె ఒక యేడు ముందు పుట్టిన పని చేసెను. చట్టమునకు ముందు జరిగిన పని దస్తరమునకు ఎక్కదు. దస్తరమునకు ఎక్కనిది చరిత్రలోనికి పత్రికల మూలల నుండి గాని, వృద్ధుల నోటి నుండి గాని వెదకి తేవలసియుండును. నగర చరిత్రకారులు శ్రమించి వెదకి తెచ్చినందుననే నేడు మనమీ నాలుగు మాటలు చెప్పుకొనగలుగుచున్నాము. తెలుగు పాఠకులకు ఈ వార్తను నాడే అందించుటకు ఆంధ్రపత్రిక దినపత్రిక కూడ అప్పటికి పుట్టలేదు. అది చెన్నపట్టణమున 1914లో ఆరంభమైనది.

మరియొక కారణము కూడ కలదు. డాంజెలిస్ ఎవరివాడు? ఇంగ్లీషు దొరల లెక్కలో అతడు వారివాడు కాడు. పుట్టిన దేశమువారు దూరమున నుండిరి. తమిళులకు పరదేశి, తెలుగువారికి పరదేశి. ఆతని హోటలు తరువాత చేతులు మారినది. నేడు ఆ పేరుతో లేదు. 'మావాడు' అని చెప్పుకొను సంఘమొకటి లేనివాని ఘనకార్యము అనాథయైపోవును. ఉన్న ఊరిలో పదిమందికి మేలుగ బ్రతికి, ఆ ఊరి పనివారి చేతులతోనే అపూర్వమైన పని చేయించిన మనిషిని ఏ పట్టికయు తనదిగ చేర్చుకొనలేదు.

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణమును కూడ చూడుడు. బెంగుళూరు సమీపమున ఆనేకల్లులో నివసించిన సుబ్బరాయశాస్త్రిగారు 1918 మొదలు 1923 వరకు చెప్పగా వ్రాయబడిన 'వైమానిక శాస్త్రము' అను సంస్కృత గ్రంథము కలదు. భరద్వాజ మహర్షి వలన తమకు స్ఫురించినదని వారి విశ్వాసము. ఆ గ్రంథమునకు పటములు కలవు, అనువాదములు కలవు, దేశమంతట ప్రచారము కలదు. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పండితులు దానిని పరిశీలించి, అందు వర్ణింపబడిన యంత్రములు ఎగురజాలవనియు, ఆ గ్రంథము ప్రాచీనము కాదనియు నిర్ణయించిరి. మా ఉద్దేశము ఎవరి భక్తిని నొప్పించుట కాదు. ఒకచోట విమానము లేదు, పుస్తకము కలదు; కీర్తి కలిగెను. ఇంకొకచోట విమానము కలదు, పుస్తకము లేదు, కీర్తి లేకపోయెను. వ్రాతకు గల బలమెంతటిదో దీనివలన గ్రహింపనగును. పుష్పకమును నమ్ముట వేరు, పల్లావరమును మరచుట వేరు.

ఔత్సాహికుల ప్రతి పనియు ప్రశంసకు తగినదని మేము చెప్పుటలేదు. ఉత్సాహమునకు పరీక్ష తోడుగ నుండవలెను. దీనికి ఆన్రీ మిన్యే కథ చక్కని నిదర్శనము. ఫ్రాన్సు దేశీయుడగు ఈతడు స్వయంకృషితో విమానవిద్య నేర్చి, 1933లో ఆరు మీటర్ల రెక్క గల ఒక బుల్లి విమానమును నిర్మించెను. ఫ్రెంచి భాషలో దానిని 'ఆకాశపు పేను' అనిరి. మోటారుసైకిలు ఇంజను వంటి చిన్న ఇంజను, ఒకదాని వెనుక నొకటిగ రెండు రెక్కలు, కాళ్లతో త్రొక్కు మీటలు లేకుండ ఒకే కఱ్ఱతో నడపు ఏర్పాటు. 1934లో ఆతడు ప్రకటించిన పుస్తకమును చదివి యూరపులో వందలకొలది సామాన్యులు, వడ్రంగులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు తమ పెరళ్లలో ఆ విమానమును కట్టుకొన మొదలిడిరి. 1935 ఆగస్టులో మిన్యే స్వయముగా దానిలో ఇంగ్లీషు ఛానలును దాటెను.

అటుపిమ్మట ప్రమాదములు జరిగి ప్రాణములు పోయినవి. 1936లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల ప్రయోగశాలలలో ఆ విమానమును పెద్ద గాలి సొరంగములలో నుంచి పరీక్షించిరి. ముక్కు ఒక హద్దును మించి క్రిందికి వంగినచో, ముందు రెక్కకును వెనుక రెక్కకును నడుమనున్న సందులోని గాలి వెనుక రెక్కను మరింత పైకి లేపుననియు, పిదప నడపువాడు ఎంత లాగినను ముక్కు పైకి రాదనియు తేలినది. దానిపై ఆంక్షలు విధించిరి. మిన్యే పని మానలేదు. రెక్కల అమరికను సవరించి క్రొత్త నమూనాలు చేసెను. 1965లో మరణించు వరకు ఆ కృషియందే యుండెను. సవరించిన ఆ జాతి విమానములు ఫ్రాన్సులో నేటికిని ఎగురుచున్నవి. ఇందు నీతి యేమన: తప్పు ఔత్సాహికుడు కావడములో లేదు, పరీక్ష పూర్తి కాకమునుపే పదిమందిని పిలుచుటలో నున్నది. డాంజెలిస్ మొదట ఊరి వెలుపల పల్లావరమున పరీక్షించుకొని, పిదపనే జనులను పిలిచెను. ఆయన వివేకము ఇందు కనబడుచున్నది.

ఇక మన బళ్ళారికి వత్తము. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటాగారు కరాచీలో బయలుదేరి అహమ్మదాబాదు మీదుగ బొంబాయికి తపాలా తెచ్చిరి. బొంబాయి నుండి ఆ తపాలాను నెవిల్ విన్సెంటు అను వైమానికుడు గ్రహించి, బళ్ళారిలో దిగి, మరునాడు మద్రాసు చేరెను. టాటావారి విమాన సర్వీసు పుట్టిననాడే దాని బాటలో బళ్ళారి చేరియున్నది. కరాచీ, అహమ్మదాబాదు, బొంబాయి, బళ్ళారి, మద్రాసు: ఈ అయిదు పేరులే ఆ తొలి బాట. ఆ సంస్థయే 1946లో ఎయిరిండియాగా మారి, 1953 ఆగస్టులో ప్రభుత్వపరమై, 2022 జనవరిలో తిరిగి టాటాల యాజమాన్యమునకు వచ్చినది.

బళ్ళారిలో దిగిన ఆ విమానము 'పుస్ మాత్' అను జాతిది. ముగ్గురు కూర్చుండు చిన్నది. దానిని రూపొందించిన కంపెనీ స్థాపకుడు జెఫ్రీ డి హావిలెండు. ఈయనయు ఔత్సాహికుడుగనే ఆరంభించినవాడు. తాతగారిచ్చిన వేయి పౌనుల ధనముతో మిత్రుని తోడు చేసికొని విమానము కట్టగా, రెక్కల గుడ్డను ఆయన భార్య కుట్టెను. 1909 డిసెంబరులో ఆ విమానము లేచీలేవకముందే విరిగిపోయెను. మిగిలిన ఇంజనుతో రెండవ విమానము కట్టగా 1910లో అది ఎగిరెను. అనగా డాంజెలిస్ మన చెన్నపట్టణమున శ్రమించుచుండిన ఆ నెలలలోనే ఇంగ్లండులో ఒక యువకుడు విరిగిన రెక్కలను ఏరుకొని మరల కూర్చుచుండెను. ఒకరి కృషి కంపెనీగ పెరిగి, ఇరువది రెండు సంవత్సరములకు బళ్ళారి నేలపై వ్రాలినది. రెండవవారి కృషి ఒక నెల ముచ్చటగ ముగిసినది. వెనుకటివారు అందుకొని సాగించినది నిలుచును, సాగింపనిది ఆగిపోవును.

ఔత్సాహికులను గూర్చి బళ్ళారివారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు న్యాయవాది. చారిత్రక నాటకములకు ప్రసిద్ధులైన కోలాచలము శ్రీనివాసరావుగారు న్యాయవాది. నటశేఖరుడు బళ్ళారి రాఘవ న్యాయవాది. పగలు కోర్టులో వాదించి, రాత్రి రంగస్థలమెక్కి ఈ ముగ్గురును తెలుగు నాటకమునకు ప్రాణము పోసిరి. వృత్తి కడుపు నింపును. ప్రవృత్తి ఊరికి పేరు తెచ్చును. వీరి పేరులు నేటికిని నిలిచియున్నవన్న దానికి కారణము వారి ప్రతిభ యొక్కటియే కాదు. వారికి సభలు ఉండెను, సభలకు మినిట్సు పుస్తకములు ఉండెను, నాటకములు అచ్చుపడెను, శిష్యులు 'మావారు' అని చెప్పుకొనిరి. డాంజెలిస్‌నకు లేనిది ఇదియే.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు మన జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రమున చేరినవి. మనము ఇల్లు కదలలేదు, సరిహద్దు కదలినది. నాటినుండి ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడుకొనుచు, రెండు భాషలకును బంధువులమై సుఖముగనే యున్నాము. మన పిల్లలు కన్నడమున బహుమతులు పొందుచున్నారు. అది మనకు సంతోషమే. కాని రాష్ట్రములు విడిపోవునప్పుడు దస్తరములును విడిపోవును. మన పెద్దల సంగతులు కొన్ని చెన్నైలో, కొన్ని ఆంధ్రలో, కొన్ని బెంగుళూరులో నున్నవి. అచ్చటివారి చరిత్రలలో మనము పొరుగువారము. ఇచ్చటి చరిత్రలో మనము అల్పసంఖ్యాకులము. ఎవరి పట్టికలోను మొదట వ్రాయబడని వారము. డాంజెలిస్ స్థితికిని మన స్థితికిని ఇంత దగ్గర పోలిక యున్నది. ముందు చెప్పెదమన్న రెండవ కారణము ఇదియే.

కావున ఈ సంచికను చదువు గృహస్థులకు మా విన్నపమొకటి. మీ ఇంట ప్రత్తి జిన్నింగు మరను స్వయముగ బాగుచేసి నడపిన తాతగారుండవచ్చును. బట్టల అంగడిలో కూర్చుండి నాటకము వ్రాసిన పెదనాన్నగారుండవచ్చును. తుంగభద్ర ఆనకట్ట పనిలో రాళ్లు మోసి పిల్లలను చదివించిన నాయనమ్మగారుండవచ్చును. వారి పేరు, ఊరు, సంవత్సరము, చేసిన పని, ఈ నాలుగింటిని ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. పొగడ్త అవసరము లేదు, తేదీ అవసరము. తెలుగున వ్రాసినను సరియే, కన్నడమున వ్రాసినను సరియే. వ్రాసినదానికి ఒక నకలు తీసి సంఘ కార్యాలయమున ఇయ్యుడు. ఒక ప్రతి పోయినను ఇంకొకటి మిగులును.

చెన్నపట్టణపు పూటకూళ్ల దొర తన విమానమునకు కఱ్ఱ, గుడ్డ, తీగె, ఇంజను అన్నియు సమకూర్చుకొనెను. ఆయన సమకూర్చుకొననిది ఒక్క గుమాస్తానే. మన సంఘమునకు ఆ కొరత రానీయరాదు.